పాఠం కుదరని నాటకం, గడువు తీరని హక్కు: బ్రిటన్ రంగస్థలం మీద పీటర్ పాన్

డిసెంబరు వచ్చిందంటే బ్రిటన్‌లో ఏదో ఒక ఊళ్లో పీటర్ పాన్ ఆడుతూనే ఉంటుంది. టికెట్ కొన్నవాళ్లకు మాత్రం తాము చూడబోయేది ఏ పీటర్ పానో ముందుగా తెలియదు. ఒకచోట టీవీలో పేరున్న నటుడు కెప్టెన్ హుక్ వేషం కట్టి, ప్రేక్షకులతో మాటకు మాట విసురుకునే పాంటోమైమ్ అనే క్రిస్మస్ వినోద నాటకం. ఇంకోచోట మొదటి ప్రపంచ యుద్ధపు సైనిక ఆసుపత్రిలో మొదలయ్యే కథ. మరోచోట పీటర్ పక్కకు తప్పుకొని వెండీ కథానాయిక అవుతుంది. పోస్టర్ మీద మాత్రం అన్నిటికీ మూలకర్త ఒక్కడే, జె.ఎం. బ్యారీ.

పాత నాటకాలను దర్శకులు తమకు తోచినట్టు మార్చుకోవడం కొత్తేమీ కాదు. షేక్‌స్పియర్‌కీ అదే జరుగుతుంది. అయితే అక్కడ ఎప్పుడో స్థిరపడిన పాత అచ్చు ప్రతులు చేతిలో ఉంటాయి, వాటినుంచి ఎవరెంత దూరం జరిగారో కొలవొచ్చు. పీటర్ పాన్‌కి ఆ కొలబద్ద లేదు. 1904లో తొలిసారి ఆడిన ఈ నాటకం 1928 దాకా అచ్చు కాలేదు. ఆ ఇరవై నాలుగేళ్లూ రచయిత దాన్ని చెక్కుతూనే ఉన్నాడు. ఇంత జారుడు పాఠం (రాతరూపం) ఉన్న ఈ నాటకానికే బ్రిటిష్ పార్లమెంటు, దేశంలో ఇంకే నాటకానికీ లేని విధంగా, గడువు లేని రాయల్టీ హక్కు ఇచ్చింది. ఈ రెండు సంగతులనూ విడివిడిగా చెబుతుంటారు. కలిపి చూస్తేనే ఈ నాటకం నూట ఇరవై ఏళ్లుగా ఎలా బతికి ఉందో అర్థమవుతుందని నా అభిప్రాయం.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లండన్‌లో డార్లింగ్ దంపతులకు వెండీ, జాన్, మైకేల్ అని ముగ్గురు పిల్లలు. వాళ్లకు కాపలా నానా అనే కుక్క. ఒక రాత్రి, ఎప్పటికీ పెద్దవాడు కాని పీటర్ కిటికీలోంచి ఎగిరొచ్చి ముగ్గురినీ నెవర్‌ల్యాండ్‌కి తీసుకుపోతాడు. అక్కడ తప్పిపోయిన పిల్లలు, జలకన్యలు, ఒక ఆదివాసీ తెగ, చేతికి బదులు ఇనుప కొక్కెం పెట్టుకున్న హుక్ అనే సముద్రపు దొంగ, అతని చెయ్యి తిని రుచి మరిగి వెంటపడే మొసలి. చివరికి పిల్లలు ఇల్లు చేరతారు. పీటర్ ఒక్కడే రాడు.

మొదటి రాత్రి ఆడింది ఏమిటి?

బ్యారీ స్కాట్లండ్ వాడు. 1903 నాటికే లండన్‌లో నాటకకర్తగా పేరూ డబ్బూ సంపాదించుకున్నాడు. కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో కుక్కను తిప్పుతూ లెవెలిన్ డేవీస్ కుటుంబంలోని పిల్లలతో స్నేహం చేశాడు. వాళ్లకు చెప్పిన కథల్లోంచే పీటర్ పుట్టాడు. 1902లో వచ్చిన ఆయన నవల ఒకదానిలో పీటర్ ఏడు రోజుల పసికందు. నాటకానికి వచ్చేసరికి పాలపళ్లు ఇంకా ఊడని పిల్లాడయ్యాడు.

1903 నవంబరు 23న బ్యారీ నాటకం రాయడం మొదలుపెట్టాడు. తొలి చిత్తుప్రతికి పేరు కూడా లేదు. అందులో హుక్ చివర్లో చావకుండా తప్పించుకుని, కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో బడిపంతులుగా తేలతాడు. అసలు హుక్ పాత్ర పెరిగిన తీరే ఒక తమాషా. మొదట్లో కథలో ప్రతినాయకుడి అవసరమే పెద్దగా లేదు, ఆ పని చెయ్యడానికి పీటరే చాలు. తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు వాడేగా! కాకపోతే నెవర్‌ల్యాండ్ సెట్టు విప్పి మళ్లీ డార్లింగుల పడకగది కట్టడానికి రంగస్థల కార్మికులకు కొంత వ్యవధి కావాలి. ఆ కాలంలో అలాంటప్పుడు ముందు తెర దించి, దానికి ఇవతల ఉన్న సన్నని జాగాలో నటులతో ఏదో ఒక సీను నడిపించేవాళ్లు. బ్యారీ అక్కడ సముద్రపు దొంగల్ని పెట్టాడు. వాళ్ల నాయకుడు చూస్తుండగానే పెరిగి నాటకాన్ని సగం ఆక్రమించాడు.

అమెరికన్ నిర్మాత చార్లెస్ ఫ్రోమన్ అప్పట్లో లండన్ డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌ని కూడా నడుపుతున్నాడు. దానికి ముందే హర్బర్ట్ బీర్బోమ్ ట్రీ అనే ప్రఖ్యాత నటుడు, నిర్మాత ఈ నాటకం విని బ్యారీకి మతి చలించిందన్నాడని చెబుతారు. ఫ్రోమన్‌కి మాత్రం విపరీతంగా నచ్చింది. నష్టం వస్తే ఆదుకోవడానికి ఇంకో నాటకం కూడా ఇస్తానని బ్యారీ మాటిచ్చాడు. ఆ రెండో నాటకం పేరు ఇప్పుడు చాలామందికి గుర్తులేదు.

1904 డిసెంబరు 22న ప్రారంభం అనుకున్నారు. ముందు రోజు రాత్రి సెట్లు ఎత్తే యంత్రం కూలిపోయి, సామగ్రి కొంత నాశనమైంది. ప్రదర్శన 27కి వాయిదా పడింది. సమయం చాలక చివరి దృశ్యాల్లో కొన్నిటికి కత్తెర పడింది, బ్యారీ ముగింపు మళ్లీ రాశాడు. అంటే 'అసలు' పీటర్ పాన్ అని మనం అనుకునే మొదటి రాత్రి ప్రదర్శన కూడా రచయిత అనుకున్నట్టుగా జరగలేదు. కూలిన యంత్రం కుదిరించిన రూపం అది.

ఆ రాత్రి ప్రోగ్రాం కరపత్రంలో రెండు కొంటె పనులున్నాయి. టింకర్ బెల్ అనే దేవకన్య వేదిక మీద కదిలే వెలుగుచుక్క, దానికి తోడు గంటల చప్పుడు, అంతే. అయినా ఆ పాత్రధారిణిగా జేన్ రెన్ అని పేరు వేశారు. అలాంటి నటి ఎవరూ లేరు. పనిపిల్ల లైజా వేషం వేసిన బాలిక ఈలా క్యూ. మే పేరు పక్కన 'ఈ నాటక రచయిత్రి' అని ఉంది. రచయితగా తన స్థానాన్ని ఖాళీ చేసి ఒక చిన్నపిల్లకు ఇచ్చేయడం బ్యారీకి సరదా. పాతికేళ్ల తర్వాత కూడా ఈ నాటకం తాను రాసినట్టు గుర్తే లేదని ముందుమాటలో రాసుకున్నాడు. అప్పటికది సరదా మాత్రమే కాదనిపిస్తుంది.

ఎగరడం, చప్పట్లు

పిల్లలు ఎగరాలి. దాని కోసం జార్జ్ కర్బీ అనే ఆయన కంపెనీని పిలిచారు. వేదిక మీద మనుషుల్ని తీగలతో ఎగరేయడం అప్పటికే ఉంది. కానీ ఎగిరేవాళ్లు ఎగరడానికే పరిమితం, తీగ తగిలించాలన్నా విప్పాలన్నా తతంగం. బ్యారీకి కావాల్సింది వేరు. కిటికీలోంచి దూసుకొచ్చిన పీటర్ నేల మీద దిగి, మాట్లాడి, మంచం కింద దూరి, మళ్లీ అందరి కళ్లెదుటే గాల్లోకి లేవాలి. అందుకోసం దుస్తుల కింద ఇమిడిపోయి, చటుక్కున తగిలించి చటుక్కున విప్పగలిగే పట్టీని కర్బీ తయారుచేశాడు. తెర పక్కన నిలబడి తీగ లాగేవాడికి నటి బరువూ, ఆమె అడుగుల లెక్కా రెండూ తెలిసుండాలి. వెండీ వేసిన హిల్డా ట్రెవెల్యన్‌కి రిహార్సల్ పిలుపులో ఎగరడం అని మాత్రమే ఉందనీ, ముందు జీవిత బీమా చేయించుకొని రమ్మన్నారనీ ప్రసిద్ధమైన కథ. కర్బీ పేరు ఆ తర్వాత బ్రిటిష్ రంగస్థలం మీద ఎగిరే తీగలకే పర్యాయపదమైపోయింది.

ఎగరడం ఎంత నమ్మకంగా ఉందంటే, ఇంటికెళ్లిన పిల్లలు మంచాల మీద నుంచి దూకి దెబ్బలు తగిలించుకున్నారు. తల్లిదండ్రులు బ్యారీని పట్టుకున్నారు. దేవకన్యల పొడి ఒంటి మీద పడితేనే ఎగరగలరనే షరతు ఆ తర్వాత చేర్చిందే. ఇవాళ ఆ పొడి లేని పీటర్ పాన్‌ని ఊహించలేం. అది కవి కల్పన అనుకుంటాం. నిజానికి పిల్లల ఎముకలు విరగకుండా పెట్టిన జాగ్రత్త.

చప్పట్ల సంగతి ఇంకా బాగుంటుంది. పీటర్ కోసం పెట్టిన విషం టింకర్ బెల్ తాగేస్తుంది. వెలుగుచుక్క మినుకుమినుకుమంటూ తగ్గిపోతుంది. అప్పుడు పీటర్ గది దాటి, కథ దాటి, నేరుగా జనం వైపు తిరిగి అడుగుతాడు: మీకు దేవకన్యల మీద నమ్మకముంటే చప్పట్లు కొట్టండి. మొదటి రాత్రి హాల్లో ఉన్నది ఎక్కువగా పెద్దవాళ్లే, లండన్ నాటకరంగం మీద నిఘా వేసుకుని తిరిగే విమర్శకులూ మర్యాదస్తులూ. ఎవరూ కదలకపోతే? బ్యారీకి గుబులు పుట్టి, సంగీతం చూసుకుంటున్న జాన్ క్రూక్‌కి ముందే చెప్పి ఉంచాడు: హాలు మౌనంగా ఉంటే వాద్యాలు పక్కన పెట్టి మీవాళ్లే కొట్టండి. ఆ అవసరం రాలేదు. హాలంతా మోగిపోయింది. పీటర్‌గా నిలబడ్డ నీనా బూసికో అది తట్టుకోలేక ఏడ్చేసింది.

1928 అచ్చుప్రతిలో ఆ చోట బ్యారీ రంగ సూచన చూడండి. చాలామంది చప్పట్లు కొడతారు, కొందరు కొట్టరు, కొద్దిమంది బుస్సుమంటారు అని ఉంటుంది. ఏ రచయితా బల్ల ముందు కూర్చుని ప్రేక్షకులు తనకు వ్యతిరేకంగా బుస కొడతారని ముందే రాసుకోడు. ఏళ్ల తరబడి హాలు వెనక నిలబడి చూసినవాడు రాసిన వాక్యం అది. ఈ నాటకం పాఠం ఎలా పేరుకుందో ఆ ఒక్క సూచన చాలు చెప్పడానికి. ప్రదర్శనల్లో జరిగింది ఏటేటా రచనలోకి వచ్చి చేరింది.

ఏటా ఒక చేర్పు

మొదటి సీజన్ బాగా ఆడేసరికి మరుసటి క్రిస్మస్‌కి మళ్లీ వేశారు. అప్పుడు జలకన్యల మడుగు అనే అంకం కొత్తగా వచ్చి చేరింది. నీళ్లు పొంగుతుండగా బండ మీద ఒంటరిగా మిగిలిన పీటర్, చావడం కూడా గొప్ప సాహసమే అవుతుందని అనేది అందులోనే. ఈ నాటకం మొత్తంలో అందరికీ తెలిసిన ఆ మాట మొదటి సీజన్‌కి తర్వాత వచ్చిందన్నమాట.

1908 ఫిబ్రవరి 22న, ఆ ఏటి సీజన్ ఆఖరి రాత్రి, ముందుగా ఎవరికీ చెప్పకుండా ఒక అదనపు దృశ్యం ఆడారు. వెండీ పెద్దదైంది, ఆమెకో కూతురు. పీటర్ తిరిగొస్తాడు, ఏమీ మారలేదనుకుంటాడు. వెండీ ఇక ఎగరలేదు. కూతుర్ని పంపుతుంది. బ్యారీ బతికుండగా దాన్ని ఆడింది ఆ ఒక్కసారే. రాతప్రతి హిల్డా ట్రెవెల్యన్ దగ్గర ఉండిపోయి, 1957లో గానీ అచ్చు కాలేదు. అదే సంగతి బ్యారీ 1911 నవలలో ఆఖరి అధ్యాయంగా అందరికీ తెలిసింది. ఇప్పుడు చాలామంది దర్శకులు ఆ దృశ్యంతోనే నాటకం ముగిస్తున్నారు. ప్రేక్షకులు కూడా అదే బ్యారీ అసలు ముగింపు అనుకుంటారు. అనుకోవడంలో తప్పేమీ లేదు, కాకపోతే రచయిత దాన్ని అచ్చుప్రతిలో చేర్చలేదని మాత్రం గుర్తుంచుకోవాలి.

1928లో నాటకం ఎట్టకేలకు అచ్చయింది. దానికి ముందు 'ఆ ఐదుగురికీ' అంటూ ఒక దీర్ఘమైన అంకితం. ఐదుగురంటే లెవెలిన్ డేవీస్ అన్నదమ్ములు జార్జ్, జాక్, పీటర్, మైకేల్, నికో. మిమ్మల్ని ఒకరితో ఒకర్ని గట్టిగా రాపిడి చేస్తే పుట్టిన నిప్పురవ్వే పీటర్ అంటాడు అందులో. అప్పటికి జార్జ్ 1915లో ఫ్లాండర్స్ యుద్ధంలో చనిపోయాడు. మైకేల్ 1921లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర నీళ్లలో మునిగిపోయాడు. ఆ అచ్చుప్రతిలోని రంగ సూచనలు చదువుకోవడానికి నవల్లా ఉంటాయి, ఆడటానికి కొన్ని అసాధ్యం. హుక్ ఈటన్ పాఠశాలలో చదువుకున్న పెద్దమనిషి అనే వరస, ఆ పాఠశాల నినాదం పలుకుతూ మొసలి నోట్లోకి దూకడం, ఇలాంటివి ఏళ్లు గడిచాక పట్టిన పూతలు. కాబట్టి 1928 పాఠాన్ని కూడా తుది తీర్పు అనలేం. పాతికేళ్ల ప్రదర్శనల మీద ఒక వృద్ధుడు రాసిన వ్యాఖ్యానం అది.

పీటర్ ఆడపిల్ల ఎందుకయ్యాడు?

నీనా బూసికోతో మొదలై దాదాపు ఎనభై ఏళ్లు లండన్‌లో పీటర్ వేషం నటీమణులదే. 1906 నుంచి 1913 దాకా పాలీన్ చేజ్ వేసింది. మొదటి సీజన్‌లో ఆమె కవల పిల్లల్లో ఒకరు. 1927 తర్వాత చాలా ఏళ్లు జీన్ ఫోర్బ్స్-రాబర్ట్‌సన్. 1936లో ఎల్సా లాంచెస్టర్ పీటర్ అయితే ఆమె భర్త చార్లెస్ లాటన్ హుక్. 1973లో మ్యాగీ స్మిత్. పక్క పాత్రల్లోనూ పెద్ద పేర్లు దొరుకుతాయి. 1913లో తప్పిపోయిన పిల్లల్లో ఒకడైన స్లైట్లీగా వేసిన కుర్రవాడు నోయెల్ కవర్డ్.

దీనికి మూడు కారణాలు కలిశాయి. క్రిస్మస్ పాంటోమైమ్‌లో కుర్ర హీరో వేషం ఆడవాళ్లు వేయడం అప్పటికే పాతుకుపోయిన ఆచారం. దానికి 'ప్రిన్సిపల్ బాయ్' అని పేరు. రెండోది, చిన్నపిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా నటించకూడదని చట్టం అడ్డొచ్చేది. నిజంగా పదేళ్ల కుర్రాడినే పెడితే పక్కనున్న మిగతా పిల్లలు ఇంకా చిన్నగా ఉండాలి, అప్పుడు నాటకమే నడవదు. మూడోది ఫ్రోమన్ వ్యాపార లెక్క. అమెరికాలో తన కంపెనీ తార మాడ్ ఆడమ్స్‌కి ఈ వేషం బాగా నప్పుతుందని అతనికి తెలుసు. స్థానం నరసింహారావు సత్యభామగా నడిచొస్తే తెలుగు ప్రేక్షకులకు వింత అనిపించనట్టే, లండన్ వాళ్లకు ఇదీ వింత అనిపించలేదు.

అనిపించకపోవడం వల్ల ఒక నష్టం కూడా జరిగింది. ఏటేటా పీటర్ నాజూకైపోయాడు. బ్యారీ చిత్తుప్రతుల్లోని పీటర్ మొండివాడు, మతిమరుపువాడు, తల్లులంటే పళ్లు నూరేవాడు. ఒక దశలో 'తల్లుల్ని అసహ్యించుకున్న పిల్లాడు' అనే పేరు కూడా అనుకున్నాడాయన. నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వే సుకుమారి పీటర్‌లో ఆ కరకుదనం కరిగిపోయింది. 1982లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ లండన్ బార్బికన్‌లో ఈ అలవాటుకు గండి కొట్టింది. దర్శకులు జాన్ కెయిర్డ్, ట్రెవర్ నన్. పీటర్‌గా మైల్స్ ఆండర్సన్ అనే ఎదిగిన మగవాడు. పెద్దవాడి ఒంట్లో చిక్కుకుపోయిన పిల్లాడిని చూస్తే హాల్లో పెద్దవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందే వాళ్లకు కావాల్సింది.

ఆ ప్రదర్శన చేసిన ఇంకో పని పాఠానికి సంబంధించింది. కెయిర్డ్, నన్ 1928 ప్రతికి కట్టుబడకుండా నవలనూ, చిత్తుప్రతులనూ, 1908 నాటి అదనపు దృశ్యాన్నీ కలిపి కొత్త ప్రతి కూర్చారు. బ్యారీ రంగ సూచనల్ని వృథా పోనివ్వకుండా ఒక కథకుడి నోట పలికించారు. 1997లో నేషనల్ థియేటర్ ఇదే ప్రతిని ఎత్తుకుంది, హుక్ ఇయన్ మెకెల్లెన్, పీటర్ డేనియల్ ఎవాన్స్. పండితులు చేయాల్సిన పాఠ పరిష్కారం ఇక్కడ దర్శకులు చేశారు.

తండ్రా, తల్లా?

మిస్టర్ డార్లింగ్, హుక్ రెండు వేషాలూ ఒకే నటుడు వేయడం ఇప్పుడు సంప్రదాయం. తండ్రే పీడకలలో సముద్రపు దొంగగా వస్తాడని మనోవిశ్లేషణ చేసేవాళ్లకు ఇది పండగ. కానీ బ్యారీ మొదట హుక్ వేషాన్ని తల్లి పాత్రధారిణి డొరొతియా బేర్డ్‌కి ఇవ్వాలనుకున్నాడు. తండ్రిగా వేస్తున్న జెరాల్డ్ డు మారియే దాన్ని అడిగి తీసుకున్నాడు. ఈయన లెవెలిన్ డేవీస్ పిల్లలకు స్వయానా మేనమామ. ఆయన హుక్‌ని చూసి భయపడి కేకలు పెట్టే పిల్లల్ని హాల్లోంచి ఎత్తుకుని బయటికి తీసుకుపోయేవాళ్లని ఆయన కూతురు, నవలా రచయిత్రి డఫ్నీ రాసింది. అలా ఒక నటుడి పట్టుదల ఆచారమైంది, ఆచారం సిద్ధాంతమైంది.

బ్రిస్టల్ ఓల్డ్ విక్‌లో 2012లో మొదలైన శాలీ కుక్సన్ ప్రదర్శన 2016లో నేషనల్ థియేటర్‌కి చేరినప్పుడు మిసెస్ డార్లింగ్, హుక్ ఒక్కరే. మొదట అనుకున్న సోఫీ థాంప్సన్ గాయపడటంతో ఆ రెండు వేషాలూ అన్నా ఫ్రాంకొలీనీ వేసింది. దీన్ని కొందరు ఆధునిక స్త్రీవాద మార్పుగా చూశారు. 1904లో రచయిత మనసులో ఉన్న మొదటి ఆలోచన అదేనని తెలిస్తే చూపు కాస్త మారుతుంది. అదే ప్రదర్శనలో తీగలు దాచలేదు. ఎగిరే నటుడికి సరితూకంగా ఇంకో నటుడు నిచ్చెన లాంటి కట్టడం మీద పైకీ కిందికీ కదలడం ప్రేక్షకులకు కనిపిస్తూనే ఉంటుంది. కర్బీ ఎంతో కష్టపడి దాచిన కిటుకు ఇప్పుడు ఆటలో భాగమైంది.

1914 తర్వాతి చరిత్ర ఈ నాటకానికి ఇంకో నీడ పట్టించింది. ఫ్రోమన్ 1915 మే 7న జలాంతర్గామి దెబ్బకు మునిగిన లూసిటానియా ఓడలో చనిపోయాడు. చావుకు భయమెందుకు, అది జీవితంలో అందమైన సాహసం అని చివరి క్షణాల్లో అన్నాడని బతికి బయటపడ్డ నటి రీటా జోలివే చెప్పింది. అదే ఏడాది మార్చిలో జార్జ్ లెవెలిన్ డేవీస్ పోయాడు. వందేళ్లకు, 2015లో, రీజెంట్స్ పార్క్ ఓపెన్ ఎయిర్ థియేటర్ ఈ రెండిటినీ మనసులో పెట్టుకునే సైనిక ఆసుపత్రిలో నాటకం మొదలుపెట్టింది. తప్పిపోయిన పిల్లలు గాయపడ్డ సైనికులు, వెండీ నర్సు. ఎల్లా హిక్సన్ 2013లో స్ట్రాట్‌ఫర్డ్‌లోని రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ కోసం రాసిన రూపంలో డార్లింగులకు చనిపోయిన ఇంకో కొడుకుంటాడు, వెండీ వాడిని వెతుక్కుంటూ వెళ్తుంది. బ్యారీ అన్న డేవిడ్ పద్నాలుగేళ్లు నిండబోతుండగా మంచు మీద పడి చనిపోయిన సంగతి తెలిసినవాళ్లకు ఆ కొడుకు ఎక్కడినుంచి వచ్చాడో చెప్పనక్కర్లేదు.

టైగర్ లిలీ తెగ విషయం మాత్రం ఇలా మెరుగులు దిద్దితే తీరేది కాదు. బ్యారీ ఆ తెగకు పెట్టిన పేరు నల్లజాతి పిల్లలను కించపరిచే మాట. వాళ్ల మాటతీరు అప్పటి చవకబారు సాహస కథల్లోంచి తెచ్చింది. ఇటీవలి దర్శకులు ఆ భాగాన్ని తీసేయడమో, పూర్తిగా తిరగరాయడమో చేస్తున్నారు. అది సరైన పనే. రచయిత స్వయంగా తన జీవితకాలమంతా మార్చిన నాటకంలో ఆ ఒక్క భాగం మాత్రం ముట్టుకోకూడదనడం అర్థంలేనిది.

ఆసుపత్రి, పార్లమెంటు

1929లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి విస్తరణకు స్థలం కొనాలని చూస్తూ, నిధుల సంఘంలో ఉండమని బ్యారీని అడిగింది. కుదరదన్నాడు. సాయం వేరే విధంగా చేస్తానన్నాడు. కొద్ది నెలల్లోనే పీటర్ పాన్ హక్కులన్నీ ఆసుపత్రికి రాసిచ్చేశాడు. ఆ డిసెంబరులో నాటక బృందం ఆసుపత్రికి వెళ్లి పడకగది దృశ్యం ఆడి చూపించింది. బ్యారీ పెట్టిన కోరిక ఒక్కటే, దీనివల్ల ఎంత వచ్చిందో ఎప్పుడూ బయటపెట్టకూడదని.

బ్యారీ 1937లో చనిపోయాడు. అప్పటి చట్టం ప్రకారం రచయిత మరణించాక యాభై ఏళ్లకు, అంటే 1987 డిసెంబరు 31తో కాపీరైట్ ముగిసింది. మాజీ ప్రధాని జేమ్స్ కాలహన్ అప్పుడు ప్రభువుల సభలో ఉన్నాడు. ఆయన భార్య ఆడ్రీకి ఆ ఆసుపత్రి పాలనతో చాలాకాలపు అనుబంధం. కొత్త కాపీరైట్ చట్టం చర్చకు రాగానే ఆయన ఒక సవరణ పెట్టాడు. అదే 1988 చట్టంలో సెక్షన్ 301.

ఇక్కడే ఎక్కువమంది పొరబడేది. ఆసుపత్రికి శాశ్వత కాపీరైట్ ఇచ్చారని రాస్తుంటారు. కాదు. కాపీరైట్ ముగిసిందని ఆ సెక్షనే ఒప్పుకుంటుంది, ముగిసినా సరే రాయల్టీ కట్టాలంటుంది. నాటకాన్ని జనం ముందు ఆడినా, వ్యాపారానికి అచ్చువేసినా, ప్రసారం చేసినా ఆసుపత్రికి సముచితమైన మొత్తం రావాలి. ఎంత అనేది కుదుర్చుకోవాలి, కుదరకపోతే కాపీరైట్ ట్రిబ్యునల్ తేలుస్తుంది. ఆడొద్దు, మార్చొద్దు అనే అధికారం మాత్రం ఆసుపత్రికి లేదు. ఈ హక్కు బ్రిటన్ సరిహద్దు దాటదు, ఆసుపత్రి ఉన్నంతకాలమే ఉంటుంది.

మధ్యలో ఒక మెలిక పడింది. ఐరోపా నిబంధనలకు అనుగుణంగా కాపీరైట్ గడువును మరణానంతరం డెబ్బై ఏళ్లకు పెంచడంతో, చచ్చిపోయిన హక్కు 1996లో మళ్లీ లేచి 2007 చివరిదాకా బతికింది.  2008 నుంచి మళ్లీ రాయల్టీ ఒక్కటే. నేను పైన చెప్పిన కుక్సన్, హిక్సన్, రీజెంట్స్ పార్క్ రూపాలన్నీ ఆ తర్వాతివే. ఎగిరే తీగలు తెగి, సెట్లు కూలి, అంతా అభాసుపాలయ్యే 'పీటర్ పాన్ గోస్ రాంగ్' అనే హాస్య నాటకం పుట్టిందీ 2013లోనే. 1904 డిసెంబరు 21 రాత్రి గురించి తెలిసినవాళ్లకు అది మరీ అతిశయోక్తిగా అనిపించదు.

చట్టం రాసినవాళ్లు 'పీటర్ పాన్ అనే నాటకం' అని ఊరుకోలేదు. దాని అనుసరణలకు కూడా వర్తిస్తుందని చేర్చారు. ఏ సంవత్సరపు పాఠమో చెప్పలేదు. చెప్పి ఉంటే గొడవే: 1904దా, మడుగు చేరిన 1905దా, 1928 అచ్చుదా? అనుసరణ అనే ఒక్క మాటతో ఊరి పాంటోమైమ్ నుంచి నేషనల్ థియేటర్ దాకా అన్నీ లెక్కలోకి వచ్చాయి. పాఠం ఒక్కచోట నిలబడి ఉంటే దర్శకులు దాని చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు, డబ్బూ అలాగే తప్పిపోయేది. ఇప్పుడు ఎవరెంత దూరం జరిగినా ఆసుపత్రికి చెల్లించక తప్పదు. ఎంత చెల్లిస్తున్నారన్నది మాత్రం బ్యారీ కోరినట్టే ఆసుపత్రి గుట్టుగా ఉంచుతోంది.